అంచున ఐదు గింజలు

కుతైసి ఆసుపత్రి వంటింట్లో
నేను గిన్నెలు కడిగేవాణ్ణి.
మూడో అంతస్తుకి వెళ్లే పళ్లేలన్నీ
ఒకటే ఏటిబురద రంగు.
నమలలేని వాళ్ల కోసం
పాలకూరైనా చిక్కుడైనా మెత్తగా రుబ్బి
గరిటెతో చదును చేసేవాళ్లు.

త్సియాలా మాత్రం
గరిటె వెనకవైపు నొక్కి చిన్న గుంట చేసి
అక్రోటు నూనె చుక్క వదిలేది.
ఆవిరికి వడలిపోకుండా ఆఖరి క్షణాన
కొత్తిమీర ఆకు, ఒక్కటే.
అంచున, ముద్దకి తగలకుండా,
ఐదు దానిమ్మ గింజలు.

"మింగలేరు కదా, ఎందుకివి?"
పెద్ద నర్సు గదమాయించింది.
"అందుకే అంచున పెట్టా.
నోటికి ప్రాప్తం లేదని
కంటిని కూడా పస్తు పెట్టాలా?"

తిరిగొచ్చే పళ్లేల సంగతి నాకు తెలుసు.
సగం తిన్నవి, ముట్టనివి,
చెంచాతో కెలికి వదిలేసినవి.
ఏడో మంచం బిచికో పళ్లెం
నాలుగు రోజులు
ఎలా వెళ్లిందో అలాగే దిగొచ్చింది.
అయిదో రోజు ముద్ద లేదు. ఆకూ లేదు.
నాకినంత శుభ్రం.
గింజలు లెక్కపెట్టాను.
నాలుగు.

గొంతుకి అడ్డం పడిందేమో!
చేతుల సబ్బు ఆరకముందే మెట్లెక్కి పరిగెత్తాను.

ముసలాయన కిటికీ వైపు తిరిగి ఉన్నాడు.
రెండు వేళ్ల మధ్య గింజని ఎండకెత్తి
ఒక కన్ను మూసి
దాని గుండా రియోని నదిని చూస్తున్నాడు.

నాకేసి తిరక్కుండానే అన్నాడు:
"వంటావిడతో చెప్పు,
రేపు కాస్త ఉప్పు ఎక్కువ వెయ్యమని."