ఏటి వరస

క్యాంటీన్ గోడమీద నల్లబల్ల నాది.
షిఫ్టు మార్పులు, ఓవర్‌టైమ్ పేర్లు,
పోయినోడి దినం ఏ రోజో
అన్నీ నా చేతి సుద్దతోనే.
ఆ ఏడు దాని మీద
అరవై నాలుగు గీతలు గీసాను.
దేశమంతా ఆడే కప్పు. ఓడితే ఇంటికే.
రెండేసి గీతలు కలుస్తూ, కలుస్తూ
చివరికి ఒక్కటి,
నార పోగులు మిషన్లో పడి
పురి ఎక్కినట్టు.

అట్టడుగున, భుజాలు రాసుకుని చెరిగే చోట,
మా పేరు: నెల్లిమర్ల జూట్ మిల్లు.

మొదటి ఆట మా గ్రౌండులోనే.
గోలుకి వల లేదు.
స్పిన్నింగు ఆడోళ్లు గోనెదారంతో అల్లీసినారు.
బరంపురం వాళ్లు మా నేలమీద ఓ చెప్పు ఈడ్చి చూసి
ఏమీ అనలేదు.
తవుడు ఒకటి కొట్టాడు.
మోకాలికి తగిలి పోయిందని
వాడే ఒప్పుకున్నాడు తర్వాత.
వల చిరగలేదు.
గోలు కంటే ఆ మాటే
వారం రోజులు తిరిగింది లైన్లలో.

రెండోది కటకంలో.
గోలీ గౌరీసు రాత్రి షిఫ్టు దిగి
అలాగే పాసింజరెక్కాడు,
కనుబొమల్లో నార నుసితో.
పలాస దాటాక నిద్రపోయాడు.
మూడు గోల్స్. మూడోది వాడి కాళ్ల సందునుంచి.

మా గీత అక్కడ ఆపీసాను.
అయిపోవాలి కదా.

"మనల్ని కొట్టినోళ్లు ఏటైనారు?"
టీ గ్లాసు ఊదుకుంటూ సూరప్పడు.
జంషెడ్‌పూర్‌ని కొట్టారు.
బల్ల దగ్గర చిన్న సంబరం, పకోడీలు.
ఆ పై ఆటలో కలకత్తా చేతిలో పోయారు.
ఇంక మేం కలకత్తా వైపు.
ఆడకుండానే ఒక్కో గీతా ఎక్కుతున్నాం,
టికెట్టు లేకుండా బండి మెట్టుమీద వేలాడినట్టు.

సెమీఫైనలుకి ముందే గేటుకి తాళం పడింది.
నాకౌటూ లాకౌటూ
ముసలి ఎర్రయ్యకి ఒకటే ముక్క.
"ఎన్నికి ఓడినాం బాబూ?" అన్నాడు.

బల్ల లోపలుండిపోయింది.
మిగతా గీతలు ఇటుక ముక్కతో
బయట గోడమీద గీసాను, టెంటు పక్కన.
కలకత్తాని గోవా. గోవాని ఫైనల్లో కోజికోడు.
టీ కొట్టు రేడియోలో ఆఖరి ఈల వినబడగానే
ఎందుకో అందరం లేచి నిలబడ్డాం.
"గెలిచినోళ్లు మనకి ఏటి వరస్రా?" అన్నాడు తవుడు.
గౌరీసు వేళ్లు మడిచాడు:
"మనల్ని కొట్టినోళ్లని కొట్టినోళ్లని
కొట్టినోళ్లని కొట్టినోళ్లు.
దగ్గరోళ్లే."
అప్పటికి బియ్యం అప్పు మూడో నెల.

తాళం తీసిన రోజు లోపలికెళ్తే
బల్లమీద గీతలు అలాగే ఉన్నాయి,
కలకత్తా దాకా.
సూపర్వైజరు కాగితం ఇచ్చాడు,
పనిలోకి తిరిగి తీసుకునే వాళ్ల పేర్లు.
గౌరీసు పేరు కోసం రెండుసార్లు వెతికాను.
కాగితం తిప్పి వెనకా చూశాను.
"బల్ల తుడిచి రాయి," అన్నాడు.

పైనుంచి మొదలెట్టాను.
కలకత్తా పోయింది, గోవా పోయింది,
జంషెడ్‌పూర్, కటకం.
అడుగుకి వచ్చేసరికి
తడిగుడ్డ ఆరిపోయింది.