పంతొమ్మిదో అంతస్తు బ్యాడ్జి

నా చొక్కా జేబు మీద కుట్టి ఉంటది: సెక్యూరిటీ.
కడదామనుకుంటున్న డిగ్రీ పేరు గూడ అదే,
సైబర్ అని తోకను ముంగట తగిలించుకున్నది.

ఫీజు ముప్పై ఆరు వేల దిర్హాములు, మూడేండ్లు.
అంటే నెలకు వెయ్యి.
ఇంటికి పంపేది గూడ నెలకు వెయ్యే.
లెక్క ఇంత సాఫుగ కుదిరితే నాకు భయం.
ఏజెంటు కాయితం మీది లెక్క గూడ
ఇట్లనే సాఫుగ ఉండె.

సోనాపూర్, పేరుకు బంగారపు ఊరు.
పై మంచం మీద ఫోను వెలుతురుల
ఇరవై సార్లు తూచిన.
ఒక దిక్కు ఏజెంటు బాకీ, నూటికి మూడు మిత్తి,
మళ్లీ కాలిన బోరు మోటరు,
కుదువల ఉన్న పుష్పలత గొలుసు.
ఇంకో దిక్కు ఒక కాయితం.
దాని బరువెంతనో
మూడేండ్లు మోసినంక గాని తెల్వది.

నా డ్యూటీ సిలికాన్ ఒయాసిస్‌ల.
ఒయాసిస్ అంటరు గని నీళ్లు లేవు, ఏసీ ఉంది.
పంతొమ్మిదో అంతస్తు ముస్తఖీమ్ భాయికి
ఆ కాయితం ఉండె. టోలిచౌకి మనిషి,
రాత్రి మూడింటికి సిగరెట్టుకు దిగేటోడు.
"దొంగల్ని పట్టుడే నా పని గూడ" అనేటోడు,
"నీ దొంగకు కాళ్లుంటయి, నా దొంగకుండయి."
నాలుగేండ్లల నాకు దొరికిన దొంగ ఒక్కటే,
క్యాంటీను సమోసాలు ఎత్తుకపోయే పిల్లి.

పోయినేడు పైన రాత్రి షిఫ్టుకు పన్నెండు మంది.
రంజాను నాటికి ఏడుగురు.
ఇప్పుడు ముగ్గురు, ఒక మిషను.
అలారాలన్ని అదే చదువుతదట,
అదే తీర్పు చెప్తదట, చాయ్ అడగదట.
కింద మాకు గూడ కొత్త కెమెరాలొచ్చినయి.
నడకను బట్టి మనిషిని గుర్తు పడతయి.
నేపాలీ దిల్‌బహదూరును ఇంటికి తోలినయి.
మొన్న పిల్లిని విజిటర్ అని రాసుకున్నయి.

"మరి చదవాల్నా వద్దా, భాయ్?"
సగం సిగరెట్టు ఆర్పి నా కుర్చీ దిక్కు చూసిండు.
"నేను కట్టింది లక్షా పదివేలు.
ఎనిమిదేండ్లు అన్నం పెట్టింది, అబద్ధం కాదు.
నీకెన్నేండ్లు పెడతదో
ఆ మిషన్‌నే అడిగిన.
శాన మర్యాదగ
రెండు దిక్కులా చెప్పింది."

నిన్న రాత్రి బ్యాడ్జి నా బల్ల మీద పెట్టిండు.
రూలు ప్రకారం కత్తెరతో రెండు ముక్కలు చెయ్యాలె.
మొఖం మీదికెళ్లి పోకుంట
పక్కకెళ్లి కత్తిరించిన.
రిజిస్టరుల రాసిన: మూడు నలభై.

ఫారం ఇంకా ఫోనుల తెరిచే ఉంది.
జీతం గడి నింపిన.
"ఈ కోర్సు ఎందుకు?" అన్నకాడ
సెక్యూరిటీ కోసం అని కొట్టి,
నవ్వొచ్చి, తుడిచేసిన.

మొదటి కిస్తు ఐదో తారీఖుకట.
మాకు జీతం పడేది ఏడున.