రెండు ఓములు

డాండెనాంగ్‌లో జూలై శనివారం.
షట్టర్ సగమే ఎత్తాం,
చలి మోకాళ్ళ దాకానే వస్తుందని.
జవాద్ పాత కమొడోర్‌ని వెనక్కి నడుపుకుంటూ వచ్చి ఆపాడు.
డిక్కీ తీస్తే నువ్వులద్దిన నాన్‌ల వాసన,
పిండి రాలిన తివాచీ మీద
పన్నెండంగుళాల సబ్‌వూఫర్లు రెండు.

"ఒక్కటున్నప్పుడు వీధి వీధంతా లేచేది.
రెండోది కొన్నాక మొదటిదీ మూగదైంది" అన్నాడు.
యాంప్ మీద ఎర్ర దీపం,
అలిగినవాడి ఒంటికన్నులా.

తీగలు కలిపింది బేకరీలో అతని స్నేహితుడట.
నాలుగు కాయిళ్ళ ప్లస్సులన్నీ ఒక ముడి,
మైనస్సులన్నీ ఒక ముడి,
ముళ్ళ మీద వేలికి చుట్టే ప్లాస్టర్.
నవ్వాను. స్టూలు మీంచి లాటు కూడా నవ్వాడు.
మీటర్ పెడితే అర ఓము కూడా లేదు.

ఓమంటే జపం కాదు, తీగ చెప్పే అడ్డు.
అడ్డు చెప్పేవాళ్ళు లేని ఇంట్లో
పెట్టెలో డబ్బు ఎన్నాళ్ళు నిలుస్తుంది?
నలుగురూ ఒక్కసారే చేయి చాపితే
ఇచ్చే చేయి కాలుతుంది.
ఈ యాంప్ రెండు ఓముల దాకా ఓర్చుకుంటుంది,
అంతకు కిందికి దిగితే తలుపేసుకుంటుంది.
మా మేనమామ డప్పుని మంట దగ్గర కాచి,
వేలితో మీటి, ఇంకాస్త అని మళ్ళీ కాచేవాడు.
డప్పుకి వేడి పలుకు.
దీనికి వేడి చావు.

అన్నీ విప్పి మొదటినుంచి.
ఒక్కో స్పీకర్లో రెండు కాయిళ్ళు ఒకదాని వెనక ఒకటి,
రెండూ రెండూ నాలుగు.
ఆ నాలుగునీ ఈ నాలుగునీ పక్కపక్కన నిలబెడితే
లెక్క రెండుకి దిగుతుంది.
"కలిపితే పెరగాలి కదా" అన్నాడు జవాద్.
"కొట్టుకి రెండో తలుపు తీస్తే తోపులాట తగ్గదా?"
"తగ్గుతుంది. నాన్‌లు తొందరగా అయిపోతాయి."
నాకన్నా బాగా చెప్పాడు.

మీటర్ ఒకటీ పాయింట్ ఏడు అంది.
అది ఎప్పుడూ కాస్త తగ్గించే చెబుతుంది.
ఆకుపచ్చ దీపం. పాట పెట్టాడు.
గొంతు ఉంది, రుబాబు తీగలున్నాయి,
కింద నేల లేదు.
రెండు కోన్లూ ఊగుతూనే ఉన్నాయి,
చెవికి మాత్రం ఖాళీ గోనె.
లాటు నా వైపు చూడలేదు. అదే భయం.

గోడ గడియారం సెల్లు పీకి
తీగల చివర తాకించాను.
ఎడమది ఉబ్బింది.
కుడిది లోపలికి పోయింది.
ఒకటి తోసిన గాలిని ఇంకొకటి మింగేస్తోంది,
ఇద్దరూ కష్టపడుతున్నారు, పని సున్నా.
కుడిదాని ప్లస్సూ మైనస్సూ తారుమారు.
ప్లాస్టర్ స్నేహితుడు కాదు, నేనే,
ఇందాక నవ్వుతూ నవ్వుతూ బిగించినది.
గురివింద సామెత అమ్మ నోట వందసార్లు విన్నాను,
దాని నలుపు మాత్రం
తిమ్మిరెక్కిన ఈ వేళ్ళ మధ్యనే చూశాను.

స్క్రూలు తిప్పడానికి అర నిమిషం.
చెప్పడానికి ఎక్కువ పట్టింది.
"తప్పు నాది" అన్నాను, ముందు తెలుగులో,
తర్వాత అతనికి అర్థమయ్యేలా.
జవాద్ నాన్ చించి పెద్ద ముక్క నాకిచ్చాడు.

మళ్ళీ పాట.
షట్టర్ వణికింది. నట్ల డబ్బా గల్లుమంది.
లాటు కాఫీలో వలయం లోపల వలయం.
నా పక్కటెముకల కింద
ఎవరో బరువైన బీరువా జరిపారు.
రేపు తెల్లవారుజామున మూడింటికి
ఏయే కిటికీల్లో దీపాలు వెలుగుతాయో
జవాద్ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాడు.

నంబర్ ప్లేటు మాత్రం గడగడ గడగడ.
దానికి ఫోమ్ టేపు వేయాలి. అయిపోయింది.
వచ్చే శనివారం రమ్మన్నాం.