ఉత్తరం కిటికీ

నాలుగు కర్రమేకులు, ఒక పురికొస ఉండ,
పొయ్యిలోంచి ఎత్తిన బూడిద ఒక డబ్బా.
ఆదివారం, సముద్రం పాటు మొదలయ్యే వేళకి
మా సొంత గడ్డ మీద మొదటిసారి నిలబడ్డాం.

చిలోయే దీవిలో ఒక చిక్కుంది.
ఎండ వచ్చేదీ ఉత్తరం నుంచే, వాన వచ్చేదీ ఉత్తరం నుంచే.
దక్షిణం గాలి ఆకాశాన్ని తుడిచి పోతుంది గానీ
చిటికెడు వెచ్చదనం ఇవ్వదు.
ఒకే తలుపు తట్టే ఇద్దరు చుట్టాలు:
ఒకరిని రమ్మంటే
రెండోవారు బురదకాళ్ళతో వచ్చేస్తారు.

అద్దానికి డబ్బు ఒక్క కిటికీకే ఉంది.
అది ఉత్తరానికే ఉండాలన్నాడు అబ్దోన్.
రోజంతా ఆల్చిప్పల తాళ్ళ మధ్య మునిగి ఉంటాడు,
పది బారల లోతున వెలుతురు
పలచని గంజిలా ఉంటుందట.
ఇంటికొచ్చాకైనా మొహం మీద ఎండ పడాలట.
నేను పదకొండేళ్ళు చేపల కర్మాగారంలో
మంచుబల్ల ముందు నిలబడ్డదాన్ని.
ముందు పొయ్యి ఎక్కడో తేలనీ, అన్నాను.
అది కుదురుకుంటే
మిగతా ఇల్లు దాని చుట్టూ వచ్చి కూర్చుంటుంది.

అద్దె గదుల్లో ఏనాడూ చోటు ఎంచుకున్న పాపాన పోలేదు.
కాస్త్రోలో మంచం తలుపుకి తగిలేది,
కెయోన్‌లో తలుపు మంచానికి తగిలేది.
ఇప్పుడింత ఖాళీ చూసి కాళ్ళు తడబడ్డాయి.
బూడిదతో ముగ్గు పోశాక
లేని గోడలకు భుజం తగలకుండా
ఒద్దికగా తప్పుకుని నడిచాం ఇద్దరం.

కుర్చీ ఒకటి మోసుకొచ్చాను.
ఒక్కో గదిలో వేసుకుని కూర్చున్నాను.
ఇక్కడైతే నీళ్ళు కనిపిస్తాయి, అబ్దోన్ పడవ కనిపించదు.
ఇక్కడ పడవ కనిపిస్తుంది, పక్కవాళ్ళ పందులూ కనిపిస్తాయి.
ఇక్కడ ఏమీ కనిపించదు, చెవులకు గాలి మాత్రం తగలదు.
గీత మీద ఒంటికాలితో నిలబడి ఆయెలెన్ అడిగింది:
"అమ్మా, ఇప్పుడు నేను లోపలా, బయటా?"
"గోడలో ఉన్నావు, జరుగు."

ఈ వాలు మీద నలభై ఏళ్ళు గొర్రెలు కాసిన దోన్ బెలార్మినో
కంచె మీద మోచేతులు ఆనించి అంతా చూశాడు.
నవ్వలేదు. అందుకే భయమేసింది.
"ఒక్క వాన పడనివ్వండి" అని వెళ్ళిపోయాడు.

మంగళవారం రాత్రి పడింది.
తెల్లారి వచ్చి చూస్తే
వంటిల్లు వాలెంట జారి గడ్డిలో కలిసింది,
పడకగది పందుల దొడ్డివైపు పోయింది.
ఒక మేకు ఒరిగి, పురికొస ఉసూరుమంటోంది.

పైన, లూమా చెట్ల గుబురు పక్కన,
మేము అడుగైనా పెట్టి చూడని చోట
గొర్రెలు పడుకుని లేచిన గుర్తులు.
గడ్డి నలిగి ఉంది. నేల పొడిగా ఉంది.
చెయ్యి ఆనించాను. ఇంకా వెచ్చగా ఉంది.
మేం ఉత్తరం అనుకున్న గాలి
కాస్త పడమటికి ఒరిగి వస్తుందని
వాటికి ఎవరు చెప్పారో!

మేకులు పీకాం.
పద్నాలుగు అడుగులు పైకి, మూడు పక్కకి.
ఇక్కడ ఎండ మధ్యాహ్నం దాకా మాది,
ఆ తర్వాత లూమా చెట్లది.
పడవ సగమే కనిపిస్తుంది, ఏ సగమో పోటును బట్టి.
అబ్దోన్ కిటికీ బారెడు నుంచి రెండు మూరలకు దిగింది,
దాని మీద చూరు జానెడు ముందుకొచ్చింది.
అక్కడికి బేరం తెగింది.
గొర్రెలు లేచిన చోట పొయ్యికి గుర్తుగా
కుర్చీ పెట్టి చూసుకున్నాం.

తిరిగి వచ్చేటప్పుడు దాన్ని తెచ్చుకోవడం మరిచాం.

రాత్రి మళ్ళీ వాన.
అద్దె గదిలో, తలుపుకి తగిలే మంచం మీద,
ఇద్దరం కళ్ళు తెరుచుకునే ఉన్నాం.
"తడుస్తోందంటావా?" అన్నాడు చాలాసేపటికి.
ఏది అని నేను అడగలేదు.