వంకలు

చిత్తూరు చర్చి వీధి వెనక
ఏకాంబరం పాత సామాన్ల కొట్లో
ఇడ్లీ కొప్పెరల మధ్య బోర్లించి ఉండాది
కవాతు డ్రమ్ము. ఇత్తడి ఒళ్లు.
"పదకొండు వేలు" అన్నాడు,
నేనింకా సైకిలు స్టాండెయ్యక ముందే.

వంకలతో మొదలుపెట్టినా.
చెక్క కట్టుకు చెదలు.
తాళ్లు బావి చేదకు కూడా పనికిరావు.
కింది తోలుకు చిల్లు, ఎలక పని.
పై తోలు ఫరవాలేదు గానీ
నాలుగు చినుకులకే దీనికి జలుబు చేస్తాది,
పెళ్లికొడుకు ఊరేగే వేళకి గొంతు పోతాది.
వేలూరు తీసకపోయి తోలెయ్యాలంటే ఇంకో మూడు వేలు.
పైగా ఆషాఢం,
మా బ్యాండుకి నెల్రోజులుగా పిలుపే లేదు.

ఏకాంబరం బీడీ కట్ట దారం విప్పుకుంటా
ఊరికే విన్నాడు.

తిప్పి చూస్తే ఒక పక్క
అరిచేతంత మేర ఇత్తడి అరిగి తెల్లబడుండాది.
ఎవడి తొడో, ఎన్ని మైళ్లో.
పటకా భుజాన వేసి కొక్కెం తగిలించుకున్నా.
ఆ మచ్చ వచ్చి నా కుడి తొడ మీద కూర్చునింది.

కుడి తొడ.
అంటే ఎడంచేతి వాటం వాడు,
వరస చెడగొట్టినావని మాస్టరు చేత
రోజూ తిట్లు తిన్నవాడు.
నా మాదిరే.

ఈ మాట మాత్రం ఏకాంబరానికి చెప్పలా.
వేలితో ఒక్కసారి తట్టినా.
వెనక కొప్పెరలన్నీ ఊఁ అన్నాయి.

"కొననోడు ఇంతసేపు తిట్టడప్పా"
అన్నాడు, బీడీ ముట్టించి.

ఇంకా ఏదన్నా వంక దొరుకుతాదేమోనని
చుట్టూ తడిమి చూసినా.
నా జేబు తప్ప
ఇంకేం మిగల్లా.