మూడు స్ప్రింగుల సముద్రం

గుంతకల్లుకు సముద్రం గూడ్సు బండిలో రాలేదు,
రిపేరు బాకీ కింద వచ్చింది.

గార్డు లోబో క్వార్టర్సు ఖాళీ చేస్తూ
మా అంగట్లో దించిపోయిన సామానులో
ఒక చిన్న రికార్డు, జొన్నరొట్టెలో సగమంత,
నడిమధ్య రూపాయి కంటే పెద్ద బొక్క.
లేబులు సగం ఊడింది. మిగిలిన సగంలో ఒక అల బొమ్మ.
వాయించినోళ్ళ పేర్లు ఊడిన సగంతో పోయినాయి.

మాటల్లేని పాట.
తడిగుడ్డ పిండినట్టు గిటారు.
రేడియోల మౌలాలి, అంటే మా నాయన,
సూదిని ఎత్తి ఎత్తి ఒక్కచోటనే పెట్టేవాడు.
నిమిషం దాటినాక అక్కడ
గిటారు కానిది, డోలు కానిది
ఏదో మూడుసార్లు పలికేది.
ట్యంవ్. ట్యంవ్.
ఆగి, ఆగి, ఇంకొకటి.

"రంపం వంచి వాయించినారు" అన్నాడు
పెళ్ళిళ్ళ బ్యాండు పుల్లన్న, క్లారినెట్టు సంచి భుజం దించకుండానే.
లోబోను అడిగితే రైలెక్కుతూ నవ్వినాడంట:
"స్టూడియోలో చేతికేది దొరికితే అది కొడతారప్పా,
నీళ్ళ సీసా, బీరువా తలుపు, ఏదైనా."
జేజినాయన హుసేనప్ప మాత్రం
నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకొనే
"మన విల్లే కదరా అది" అన్నాడు.

దూది ఏకే విల్లు.
మనిషంత కొయ్య, మేక నరం, చేతిలో కొయ్య గుండు.
నరాన్ని ఒక్క దెబ్బ కొడితే వీధి చివరి దాకా పోయేది,
పాత పరుపులు ఈడ్చుకుంటూ ఆడవాళ్ళు వాకిట్లోకి వచ్చేవాళ్ళు.
రెప్పల మీద, ముక్కులో, మీసంలో ఆదోని పత్తి.
ఆ తెల్ల మబ్బులో నిలబడి నలభై ఏండ్లు వాయించినాడు
ఎవరూ వాయిద్యమని అనని దాన్ని.
మిషను వచ్చె, విల్లు అటకెక్కె,
నరాన్ని ఎలుకలు తినె.

"ఆ దేశంలో గూడా దూదేకులోళ్ళు ఉన్నారంటావా?"
నాయన సోల్డరు తీగ చుట్టుకుంటూ ఊరుకున్నాడు.

అదే సామానులో ఒక యాంప్లిఫయరు.
వెనక చెక్క విప్పితే అడుగున రేకు డబ్బా,
అందులో పక్కపక్కన మూడు సన్నని స్ప్రింగులు,
పెన్నులోవి లాగి లాగి సాగదీసినట్టు.
శబ్దం ఈ కొసన దూరి, వణికి వణికి
ఆ కొసన తడిసి బయటికొస్తుందన్నాడు నాయన.
తడి అంటే ఇంతేనా అనుకున్నా.
మూడేండ్లుగా మొయిలు నిలవని ఊరికి
ఎవరో దాన్ని డబ్బాలో పెట్టి పంపినారు.

వాల్వులు ఎర్రబడినాయి.
నా మోచేయి డబ్బాకు తగిలింది.

ఉరుము.
గుత్తి కొండ ఊడి రేకుల షెడ్డు మీద దొర్లినట్టు.
ఎదురు మిద్దె మీద, విత్తనానికి దాచిన చెనిక్కాయలు
ఎండబోసుకున్న ఓబుళమ్మ
"వానొచ్చె, వానొచ్చె" అని చాట పట్టుకొని
సగం కాయలు కుప్ప చేసేసింది.
తర్వాత పైకి చూసింది. కాల్చిన పెనం మాదిరి ఆకాశం.
కిందికి చూసింది. మేము.
ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.
ఊపిరాడక ఆగి, పిట్టగోడ మీద చేతులానించి
"ఇంగోసారి కొట్టు నాయనా" అనింది, మెల్లగా.

కొట్టినాము.
ఈసారి ఆమె కాయలు ఎత్తలేదు.

ఆ సాయంత్రం జేజినాయన విల్లు దింపించినాడు.
నరం లేదు. సైకిలు బ్రేకు తీగ కట్టినాడు నాయన.
రికార్డు తిరుగుతా ఉంది, మేము ఊపిరి పట్టుకొని ఉన్నాము.
మొదటి దెబ్బ ముందే పడింది.
రెండోది ఆలస్యం.
మూడోది ఎక్కడ పడిందో నాకు వినపడలేదు,
రికార్డులోదీ ఆయనదీ ఒకటే అయిపోయింది.

రెండూ ఒకటి కావని మాకు తెలుసు.
బ్రేకు తీగకు ఆ గొంతు రాదని ఆయనకూ తెలుసు.

సూది నడిమికి పోయి గరగరమంటా ఉంటే
గుండు పక్కన పెట్టి, లేచి,
మీసం దులుపుకున్నాడు.