సగం మొకం

పాలమూరు న్యూటౌన్ల, మెడికల్ షాపు పక్క సందుల
మా ఇస్త్రీ బండి.
బొగ్గుల పెట్టె బరువు ఏడు కిలోలు,
నా యీడు యాభై రెండు.

బ్యాంకుల పనిచేసే హేమలత మేడం
చీరెలతోని ఒక డబ్బీ గూడ ఇచ్చింది.
"పద్దెనిమిది నూర్లది ఈదమ్మా,
నాకు పడలే, నువ్వన్న రాస్కో."
డబ్బీ మీద పిల్లకు
ఇరవై యేండ్లన్న ఉంటయో ఉండయో.
దానికెందుకో ఈ మందు!

మడతల సంగతి నాకు చెప్పొద్దు.
నీళ్లు చల్లితె మెత్తబడ్తది,
సెగ తగిలితె పండుకుంటది,
మేడం కుర్సీల కూసోంగనే
మల్ల లేస్తది, అదే జాగల.
బట్టకు యాది ఉంటది.

అయినా ఆశ.
పొద్దుమీకి ఎండ కొట్టేది కుడి చెంపకని
రోజూ రాత్రి దానికే రాసిన.
ఎడమది గవాయి.
దసరా పోయింది, చలి దిగింది,
డబ్బీ అడుగు గోకినంక
మనుమరాలిని పిలిచిన.
"ఏ దిక్కు పడుసుగుందే?"
పిల్ల బల్బు కిందికి గుంజుకపోయి చూసింది.
"రెండు దిక్కుల నువ్వే ఉన్నవ్ అవ్వా."

అని, నా చెయ్యి ఇడువలే.
గంజికి పగిలి, పెట్టెకు కమిలి
పట్టుదారాలను పీకే వేళ్లు.
అండ్ల, మందు రాసిన మూడు మాత్రం
ఉతికిన మల్లు బట్ట లెక్క.

పనిచేసింది, మేడం.
నేననుకున్న కాడ కాదు.
మీ గద్వాల చీరె ఈసారి
ఒక్క దారం లేవలే, చూస్కోండ్రి.